గ్రంథం దైవప్రోక్తమా, మానవకృతమా: గ్రంథాన్ని చూసి తేల్చగలమా?

వేదమో, బైబిలో, ఖురానో "మనిషి వల్ల పుట్టింది కాదు" అనడానికి ఆ గ్రంథంలోనే సాక్ష్యం దొరుకుతుందా అన్నది ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంతవరకు చూపించిన సాక్ష్యాల్లో ఏదీ అంత పెద్ద మాటను నిలబెట్టేంత గట్టిది కాదు. అలాగని, మనిషి చేతి గుర్తులు కనిపించాయి కాబట్టి దేవుడి ప్రమేయం లేదని తేలిపోయిందనడం కూడా కుదరదు. మొదటిది ఒప్పుకున్నవాళ్లు రెండోది కూడా దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు, రాదు. ఒక్కో వాదననూ విప్పి చూపిస్తాను. రేపు ఎవరైనా కొత్తది పంపినా మీరే ఇదే తీరులో పరీక్షించుకోవచ్చు.

మొదట చూడాల్సింది, ఆ సంప్రదాయం తన గ్రంథం గురించి అసలేమంటోంది అని. చర్చల్లో సగం గొడవ ఇది చూడకపోవడం వల్లే. ఇస్లాం ప్రధాన సంప్రదాయంలో ఖురాన్ ప్రతి మాటా అల్లాహ్‌ది, ప్రవక్త దాన్ని అందుకుని వినిపించినవాడు. క్రైస్తవంలో ఎక్కువమంది పండితులు చెప్పేది వేరు. మనుషులే తమ భాషలో, తమ తీరులో రాశారు, వెనక దైవప్రేరణ ఉంది అంటారు. లూకా సువార్త మొదటి నాలుగు వచనాల్లో రచయిత అన్నీ మొదటి నుంచి విచారించి వరసగా రాస్తున్నానని చెప్పుకుంటాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:16లో పౌలు, స్తెఫను ఇంటివాళ్లకు బాప్తిస్మం ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానో లేదో గుర్తు లేదు అంటాడు. అక్షరం అక్షరం దేవుడే పలికించాడనేవాళ్లకు ఆ "గుర్తు లేదు" మింగుడుపడని మాట. ప్రేరణ అనేవాళ్లకు అసలు సమస్యే కాదు.

మన దర్శనాల్లోకి వస్తే ప్రశ్న ఇంకా మారిపోతుంది. వేదవాక్యాల అర్థాన్ని విచారించే పూర్వమీమాంసకుల లెక్కలో వేదం అపౌరుషేయం, అంటే దానికి కర్తే లేడు. మనిషే కాదు, ఈశ్వరుడు కూడా కాదు. తర్కానికి పేరుపడ్డ న్యాయదర్శనంవాళ్లు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోరు. వాక్యం అన్నాక వక్త ఉండాలి, వేదానికి ఆ వక్త ఈశ్వరుడే అంటారు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడి ఉనికికి ఇచ్చిన హేతువుల్లో వేదం కూడా ఒకటి. పాలీ త్రిపిటకం సృష్టికర్త పంపిందని బౌద్ధులు అనరు. 1604లో గురు అర్జన్ కూర్పించిన సిక్కుల గ్రంథంలో కబీర్, రవిదాస్, షేక్ ఫరీద్ వాణులు వాళ్ల పేర్లతోనే ఉన్నాయి. కాబట్టి ఒకే కొలబద్ద అన్నిటికీ పెట్టలేం. కర్త లేడన్న వాదాన్ని జోస్యాలతో రుజువు చేయబోతే మీమాంసకుడే ముందు అడ్డుపడతాడు. వేదంలో ఫలానా కాలపు సంఘటన ఉందంటే అది ఆ కాలం తర్వాత పుట్టిందని ప్రత్యర్థి అంటాడని అతని భయం.

ఇక వాదనల్లో అందరికీ తెలిసింది జోస్యం. ఒక జోస్యం లెక్కలోకి రావాలంటే అది సంఘటనకు ముందే రాసి ఉందని రాతప్రతో మరో స్వతంత్ర ఆధారమో చూపాలి. ఏం జరిగితే నెరవేరినట్టు, ఏం జరగకపోతే తప్పినట్టు అన్నది ముందే స్పష్టంగా ఉండాలి. మామూలుగా ఊహించగలిగింది కాకూడదు. నెరవేరిందని చెప్పేవాళ్లు ఆ జోస్యం తెలియనివాళ్లై ఉండాలి. దాన్ని నెరవేర్చాలని మనుషులు పూనుకుని చేసిందీ కాకూడదు. చాలా జోస్యాలు మొదటి షరతు దగ్గరో నాలుగో షరతు దగ్గరో ఆగిపోతాయి.

దానియేలు గ్రంథం 11వ అధ్యాయం దీనికి మంచి పాఠం. కథ జరిగే కాలం క్రీ.పూ. 6వ శతాబ్దపు బబులోను. ఈ అధ్యాయంలో మాత్రం ఉత్తర దేశపు రాజులు, దక్షిణ దేశపు రాజులు చేసిన యుద్ధాలు, పెళ్లిళ్లు, ద్రోహాలు పేర్లు చెప్పకుండా వరసగా వస్తాయి. అలెగ్జాండర్ తర్వాత సిరియా వైపు ఏలిన సెల్యూకిడ్, ఐగుప్తును ఏలిన టాలమీ వంశాల చరిత్రతో అడుగడుగునా సరిపోతాయి. క్రీ.పూ. 167లో సెల్యూకిడ్ రాజు నాలుగో అంతియొకస్ యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన ఘట్టం దాకా గురి తప్పదు. ఆ తర్వాత 45వ వచనం అతడు సముద్రానికీ పవిత్ర పర్వతానికీ మధ్య గుడారాలు వేసి అక్కడే అంతమవుతాడన్నట్టు చెబుతుంది. అంతియొకస్ క్రీ.పూ. 164లో చనిపోయింది పర్షియా వైపు. వివరాలు ఎక్కడిదాకా సరిగ్గా ఉండి ఎక్కడ తప్పాయో అదే రచనాకాలం అన్న పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఇది ఆధునికులు కనిపెట్టింది కాదు, క్రీ.శ. 3వ శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్త్వవేత్త చెప్పాడు. సంప్రదాయవాదులు ఆ చివరి వచనాలు యుగాంతంలో వచ్చే మరో రాజు గురించి అంటారు. అనొచ్చు. కానీ పాఠంలో రాజు మారిన గుర్తు ఎక్కడుందో చూపించాలి, అది కష్టం.

దీనికి తలకిందులుగా ఉండేది యెహెజ్కేలు. 26వ అధ్యాయంలో నెబుకద్నెజరు తూరు పట్టణాన్ని కూలదోసి సొత్తంతా దోస్తాడని ఉంది. 29:18–20కి వచ్చేసరికి అదే గ్రంథం, తూరు ముట్టడిలో అతనికిగానీ అతని సైన్యానికిగానీ కూలి గిట్టలేదని, బదులుగా ఐగుప్తు ఇస్తున్నానని దేవుడు అన్నట్టు చెబుతుంది. ద్వీపంగా ఉన్న తూరును నీళ్లలో కట్ట వేయించి పట్టుకున్నది అలెగ్జాండర్, క్రీ.పూ. 332లో. నాకైతే ఇది విలువైన సాక్ష్యం, దైవత్వానికి కాదు, నిజాయితీకి. తర్వాత చేసిన కల్పనైతే తప్పిన భాగాన్ని అలా ఉంచరు. తప్పిన జోస్యమే "ఇది నిజంగా ముందే చెప్పింది" అనడానికి గట్టి రుజువు కావడం ఈ రంగంలో తరచూ కనిపించే వింత.

బాధలు పడి చనిపోయే సేవకుడి గురించి చెప్పే, క్రైస్తవులు యేసు గురించిన జోస్యమనే యెషయా 53వ అధ్యాయం సంగతి ఇంకో రకం. 1947లో మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో బయటపడిన యెషయా పెద్ద చుట్ట, అంటే చుట్టిపెట్టిన తోలు రాతప్రతి, క్రీస్తుకు సుమారు నూరేళ్ల ముందుది. కాబట్టి "యేసు తర్వాత రాసి అతికించారు" అనే ఆరోపణ చెల్లదు, మొదటి షరతు దాటింది. చిక్కు నాలుగో షరతుతో. నెరవేరిందని చెప్పిన సువార్తికులకు ఆ పాఠాలు కంఠస్థం. వాటికి తగ్గట్టు కథ మలిచారా అన్న అనుమానం ఊరికే వచ్చింది కాదు, దానికి జాడ ఉంది. జెకర్యా 9:9లో రాజు "గాడిదను, గాడిద పిల్లను" ఎక్కి వస్తాడని ఉంది. హెబ్రీ కవిత్వంలో ఒకే మాటను రెండో పాదంలో మరో తీరున చెప్పడం రివాజు, అంటే జంతువు ఒకటే. మార్కు 11లో యేసు ఎక్కింది ఒక్క పిల్ల గాడిదనే. మత్తయి 21:7లో మాత్రం శిష్యులు గాడిదను, పిల్లను రెండింటినీ తెచ్చి, రెండింటి మీదా బట్టలు పరుస్తారు. జోస్యాన్ని అక్షరాలా నెరవేర్చాలని రెండో జంతువు కథలోకి వచ్చింది. ఒక్కచోట ఇలా పట్టుబడ్డాక, మిగతా నెరవేర్పులకు బయటి సాక్ష్యం అడగడం తప్పు కాదు.

ఖురాన్‌లో ఈ కోవలో గట్టిది సూరా అర్-రూమ్ మొదటి వచనాలే అని నా అభిప్రాయం. రోమన్లు ఓడిపోయారు, కొన్నేళ్లలో మళ్లీ గెలుస్తారు అని ఉంది. ఆ "కొన్నేళ్లు" అనే మాటకు 3 నుంచి 9 అని వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. 614లో పర్షియన్లు యెరూషలేము పట్టుకున్నారు. బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి హెరాక్లియస్ ఎదురుదాడి 622లో మొదలైంది, నినెవే దగ్గర నిర్ణాయక విజయం 627 డిసెంబరులో. మొదటి ఎదురుదెబ్బలు లెక్కేస్తే గడువులో పడుతుంది, నిర్ణాయక యుద్ధం లెక్కేస్తే గడువు దాటుతుంది. ఏ సంఘటనతో లెక్క ముగించాలో వచనం చెప్పలేదు. పైగా తరాలుగా తలపడుతున్న రెండు రాజ్యాల్లో ఈసారి ఓడినవాడు మళ్లీ గెలవడం అసాధ్యమేమీ కాదు. అయినా పర్షియన్లు గెలుస్తున్న రోజుల్లో అలా అనడం ధైర్యమే, ఆ మాట కాదనను. ధైర్యమైన మాట నిజం కావడానికీ మానవాతీత జ్ఞానానికీ మధ్య ఇంకా చాలా దూరముంది. భవిష్యపురాణం ప్రతిసర్గపర్వంలో ఆదాము, మహామదుడు, ఆంగ్లేయుల పాలన కనిపిస్తాయని చూపించేవాళ్లకు ఒక్క మాట చాలు. ఆంగ్లేయులు రాకముందు రాసిన ప్రతిలో ఆ భాగం చూపించమనండి.

శాస్త్ర విషయాల వాదనలో లెక్కలు వేసి చూపించేవి తక్కువ. లెక్క వేసిన ఒక్కదాన్ని పూర్తిగా చూద్దాం, ఎందుకంటే మాయ ఎక్కడ జరుగుతుందో కళ్లకు కడుతుంది. ఋగ్వేదం 1.50.4 సూర్యస్తుతి. "తరణిర్విశ్వదర్శతో జ్యోతిష్కృదసి సూర్య" అని మొదలవుతుంది, మంత్రంలో అంకె ఏదీ లేదు. 14వ శతాబ్దంలో విజయనగర రాజుల ఆదరణలో ఉన్న సాయణాచార్యుడు ఈ మంత్రానికి భాష్యం రాస్తూ, "ఇలా స్మరిస్తారు" అని ఒక శ్లోకం ఉటంకించాడు. అర నిమేషంలో 2,202 యోజనాలు నడిచేవాడా, నీకు నమస్కారం అని దాని అర్థం. నిమేషం అంటే రెప్పపాటు, యోజనం పాతకాలపు దూరం కొలత. దీన్నే వేదంలో కాంతివేగం అని ప్రచారం చేస్తారు.

లెక్క వేయండి. అర నిమేషానికి 2,202 అంటే నిమేషానికి 4,404 యోజనాలు. విష్ణుపురాణం ప్రకారం 15 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక పగలూ రాత్రీ. అన్నీ గుణిస్తే రోజుకు 4,05,000 నిమేషాలు. 86,400 సెకన్లను దానితో భాగిస్తే నిమేషం 0.2133 సెకను. అంటే సెకనుకు సుమారు 20,644 యోజనాలు. యోజనం 14.5 కిలోమీటర్లని పెట్టుకుంటే 2,99,300 చిల్లర వస్తుంది. కాంతివేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. ఇక్కడ ఆపేస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఆపకండి.

ఆ 14.5 ఎక్కడిది? సూర్యసిద్ధాంతం భూమి వ్యాసం 1,600 యోజనాలంటుంది. అసలు వ్యాసం 12,742 కిలోమీటర్లు కాబట్టి యోజనం 8 కిలోమీటర్లకు దగ్గర. ఆర్యభటుడు 1,050 యోజనాలన్నాడు, అలా చూస్తే 12.1 కిలోమీటర్లు. మొదటిదానితో వేగం సెకనుకు 1,65,000, రెండోదానితో 2,50,000 కిలోమీటర్లు. మనుస్మృతి 1.64లో కాష్ఠకు 15 కాదు, 18 నిమేషాలు. ఆ కొలతతో, 14.5నే ఉంచితే 3,59,000 దాటుతుంది. జవాబు ముందే తెలిసినవాడు దానికి సరిపోయే యోజనాన్నీ నిమేషాన్నీ ఏరుకున్నాడన్నమాట. ఇంకా, శ్లోకం చెప్పేది సూర్యుడు నడిచే వేగం గురించి, ఆయన కిరణం గురించి కాదు. అది ఉన్నది మంత్రంలో కాదు, మంత్రం తర్వాత రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన భాష్యంలో. కాంతికి వేగం ఉందని 1676లో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహం గ్రహణవేళల్లో తేడాలు చూసి చెప్పాడు. అంతకు ముందు ఈ శ్లోకం చదివి ఆ మాట పైకి తెచ్చినవాళ్లు లేరు.

ఈ చివరి వాక్యమే అన్ని "శాస్త్ర అద్భుతాల" మీదా వాడాల్సిన ప్రశ్న. కనిపెట్టడానికి ముందు రాసిన వ్యాఖ్యానంలో ఆ అర్థం ఉందా? ఉంటే కూర్చుని మాట్లాడుకోదగ్గ విషయం. లేకపోతే, కొత్తగా తెలిసిన సంగతిని పాత మాటలోకి దూర్చి మళ్లీ పైకి తీస్తున్నారని అర్థం. ఖురాన్ 23:14లోని పిండోత్పత్తి క్రమాన్ని చూపేటప్పుడు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పిండం దశలు దశలుగా పెరుగుతుందన్న వర్ణన క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాల్లో ఉంది. ఎముకలు ఏర్పడ్డాక వాటికి మాంసం తొడిగినట్టు వచనంలో ఉంది. నిజానికి కండరాలూ అస్థిపంజరపు మృదులాస్థీ దాదాపు కలిసే ఏర్పడతాయి. ఆదికాండం మొదటి అధ్యాయంలో మొక్కలు మూడో రోజున, సూర్యుడు నాలుగో రోజున వస్తారు. ఇవి చూపి ఆ గ్రంథాలను ఎగతాళి చేయనక్కర్లేదు, అవి శాస్త్రపాఠాలుగా పుట్టలేదు. కానీ సరిపోయినవి లెక్కలో వేసుకుని సరిపోనివి "ఉపమానం" అని పక్కన పెడితే, ఆ పరీక్షలో ఏ పుస్తకమూ తప్పదు.

అక్షరాల సంకేతాల విషయం త్వరగా తేలిపోతుంది. మన న్యాయాల్లో ఘుణాక్షర న్యాయం ఉండనే ఉంది కదా, పురుగు కర్రను తొలిచిన గాట్లలో అక్షరం కనపడటం. 1994లో ముగ్గురు పరిశోధకులు స్టాటిస్టికల్ సైన్స్ అనే పత్రికలో, హెబ్రీ ఆదికాండంలో సమదూరంలో అక్షరాలు ఏరితే తర్వాతి కాలపు రబ్బీల (యూదు మతగురువుల) పేర్లు, వాళ్ల తేదీల దగ్గరలో వస్తున్నాయని రాశారు. 1999లో అదే పత్రికలో మరో నలుగురు జవాబిచ్చారు. ఒక్కో రబ్బీకి ఏ బిరుదులు, ఏ అక్షరక్రమం తీసుకోవాలన్న ఎంపికలోనే ఫలితం దాగి ఉందని, అలాంటి ఎంపికలే చేస్తే "యుద్ధము–శాంతి" నవల హెబ్రీ అనువాదంలోనూ అదే ఫలితం వస్తుందని చూపించారు. కాగితం మీద మీరూ అంచనా వేయవచ్చు. ఆదికాండంలో 78,064 అక్షరాలు. ఏ అక్షరం నుంచైనా మొదలుపెట్టి, ముందుకూ వెనక్కూ వెయ్యి దాకా ఏ దూరంలోనైనా ఏరుకోవచ్చంటే పదిహేను కోట్లకు పైగా వరసలు దొరుకుతాయి. హెబ్రీలో 22 అక్షరాలు, అయిదక్షరాల మాటలు సుమారు 51.5 లక్షల రకాలు. అక్షరాలన్నీ సమానంగా వస్తాయనుకుంటే మీరు కోరిన ఏ అయిదక్షరాల పేరైనా ముప్పై సార్ల దాకా కనిపించాలి. కనిపించకపోతే ఆశ్చర్యపోవాలి.

ఖురాన్‌లో మాటల, వచనాల లెక్కలు 19తో భాగించబడతాయన్న అద్భుతం చెప్పిన రషాద్ ఖలీఫా తన లెక్క కుదరడానికి 9వ సూరా చివరి రెండు వచనాలు ప్రక్షిప్తాలని తోసిపుచ్చాడు. లెక్క కోసం పాఠాన్నే సవరించాక ఇక రుజువు దేనికి?

భద్రంగా కాపాడబడటం మరో వాదన, దీనికి ఎక్కువ మర్యాద ఇవ్వాలి. వేదపాఠం నిలిచిన తీరు మానవచరిత్రలో గొప్ప సాంకేతిక విజయాల్లో ఒకటి. ఘనపాఠంలో మూడు పదాలను 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 వరసలో చెబుతారు, తర్వాత ఒక పదం జరిగి మళ్లీ అదే. ఒక పదం జారినా, స్వరం మారినా వెనక్కి చెప్పేటప్పుడు సంధి దగ్గర దొరికిపోతుంది. పదపాఠం సంధులు విడదీసి మూలరూపాన్ని విడిగా కాపాడుతుంది. ఇలాంటి ఏర్పాటుతో ఋగ్వేదంలోని 1,028 సూక్తాలు తరాలు దాటాయి. కానీ ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో మనకు తెలుసు, అందులో మానవాతీతమైన మెట్టు ఏదీ లేదు. పాణిని అష్టాధ్యాయిలోని దాదాపు నాలుగు వేల సూత్రాలూ కంఠస్థంగానే నిలిచాయి. దానికి కర్త పాణిని అని అందరూ ఒప్పుకుంటారు, దైవప్రోక్తం అని ఆ కారణంతో ఎవరూ అనరు.

ఖురాన్ పాఠం కూడా చాలా తొందరగా స్థిరపడింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న రెండు ఖురాన్ తోలు పత్రాల మీద రేడియోకార్బన్ పరీక్ష 568–645 మధ్య కాలాన్ని ఇచ్చింది. పరీక్ష చెప్పేది తోలు వయసు, సిరా వయసు కాదన్నది గుర్తుంచుకోవాలి. 1972లో యెమెన్‌లోని సనా మసీదులో బయటపడిన ప్రతుల్లో ఒకదానిలో, చెరిపేసిన అడుగుపొరలో సూరాల వరసా కొన్ని మాటలూ వేరుగా ఉన్నాయి. అంటే ప్రామాణిక పాఠం ఏర్పడే దశ ఒకటి ఉంది. కొత్త నిబంధనలో ఈ దశ ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. మార్కు 16:9–20 వచనాలు 4వ శతాబ్దపు సినాయ్‌టికస్, వాటికానస్ ప్రతుల్లో లేవు. యోహాను మొదటి పత్రిక 5:7లోని త్రిత్వవాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ తన మొదటి రెండు ముద్రణల్లో దాన్ని వదిలేసి, ఒత్తిడి వచ్చాక 1522 నాటి మూడో ముద్రణలో చేర్చాడు. ఈ తేడాల్లో ఎక్కువ భాగం చిన్నవే. ఎంత చిన్నవైనా, ఎంత పెద్దవైనా ఇవి చెప్పేది అందించినవాళ్ల శ్రద్ధ గురించి. మొదట ఎవరు పలికారన్నది ఈ దారిలో తేలదు.

శైలి వాదనను నేను కొలవలేనిదిగానే వదిలేస్తాను, తక్కువది అని కాదు. "ఇలాంటి ఒక్క సూరా తెండి" అని ఖురాన్ 2:23లో సవాలుంది. తెచ్చినదాన్ని తూచే న్యాయమూర్తి ఎవరో, తూకపురాళ్లు ఏమిటో అందులో లేదు. ఇస్లామీయ పండితుల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. 9వ శతాబ్దంలో ముతజిలీ అనే హేతువాద ధోరణి శాఖకు చెందిన పండితుడు నజ్జామ్, అరబ్బులకు అలాంటిది చెప్పే శక్తి ఉండేదేనని, దేవుడు వాళ్లను ఆపాడు కాబట్టి చెప్పలేకపోయారని అన్నాడు. బాకిల్లానీ లాంటివాళ్లు అది కాదు, ఆ కూర్పే సాటిలేనిదన్నారు. అరబీ లోతుగా తెలిసినవాళ్లే అద్భుతం ఎక్కడుందో ఒప్పుకోలేకపోయినప్పుడు, అనువాదంలో చదివేవాడికి దాన్ని రుజువుగా చూపడం కుదరదు.

ఇప్పుడు అవతలి వైపు, మనిషి గుర్తులు. మోషే మరణం, సమాధి సంగతి ద్వితీయోపదేశకాండం 34లో ఉంది. ఆ చివరి ఎనిమిది వచనాలు యెహోషువ రాసి ఉంటాడని యూదుల ధర్మగ్రంథమైన తల్ముద్‌లోని పండితులే అన్నారు. 1872లో జార్జ్ స్మిత్ మట్టిపలకల మీద చదివిన గిల్గమేష్ జలప్రళయ కథలో ఓడ, కొండ మీద ఆగడం, పక్షులను వదలడం అన్నీ నోవహు కథకు సోదరుల్లా ఉంటాయి. ఋగ్వేదం 5.2.11లో ఋషి, నేర్పరి రథాన్ని చెక్కినట్టు ఈ స్తోత్రాన్ని నీకోసం చెక్కాను అని అగ్నితో అంటాడు. ఋషులు మంత్రద్రష్టలు అనే సంప్రదాయం ఈ "చెక్కాను"ను లాక్షణికంగా తీసుకోవాల్సి వస్తుంది. వేదంలో "బబర ప్రావాహణి" అనే పేరు వస్తుందే, పుట్టిన మనిషి పేరు నిత్యమైన వేదంలో ఎలా ఉంటుంది అని మీమాంసకు మూలమైన జైమినీయ సూత్రాల్లోనే పూర్వపక్షం ఉంది. అది మనిషి పేరు కాదు, "బబర" అని ధ్వని చేస్తూ వీచే గాలి అని ఆ సూత్రాల భాష్యకారుడు శబరస్వామి సమాధానం. తెలివైన సమాధానమే. అయితే ప్రతి రాజు పేరునూ, ప్రతి నది ఒడ్డు యుద్ధాన్నీ ఇలా విప్పుతూ పోవాలి.

ఈ గుర్తులు దేన్ని కొట్టేస్తాయి? అక్షరం అక్షరం పైనుంచి దిగిందని, కాలంతో సంబంధం లేదని చెప్పే గట్టి వాదాలను బాగా ఇబ్బంది పెడతాయి. దేవుడు మనుషుల నోటితో, వాళ్ల కాలపు తెలివితో మాట్లాడాడనే మెత్తని వాదాన్ని తాకను కూడా తాకవు. అలా తాకనివ్వని వాదానికి ఒక ఇబ్బంది ఉంది. ఏం కనిపించినా దానికి సరిపోతుంది కాబట్టి, ఏదీ దానికి సాక్ష్యమూ కాదు. అబ్రహాము గ్రంథం కథ దీన్ని బాగా చూపిస్తుంది. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1835లో ఈజిప్టు పపైరస్‌లు సంపాదించి, అందులో అబ్రహాము స్వహస్తంతో రాసింది ఉందని అనువాదం ప్రకటించాడు. ఆ పపైరస్‌ల ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దొరికి 1967లో చర్చికి చేరాయి. ఈజిప్టు లిపి తెలిసినవాళ్లు చదివితే అవి హోర్ అనే పూజారితో సహా చనిపోయినవాళ్ల కోసం రాసిన అంత్యక్రియల పాఠాలు. ఆ ముక్కల్లో అబ్రహాము పేరు లేదని చర్చి కూడా ఒప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన వివరణల్లో ఒకటి, పపైరస్ కేవలం ప్రేరణకు నిమిత్తం, అనువాదం మామూలు అర్థంలో కాదు అని. మూలం చేతిలో ఉండి సరిచూడగలిగిన అరుదైన సందర్భంలో, వాదం సరిచూడలేని రూపంలోకి మారిపోయింది.

మరి ఏది సాక్ష్యమవుతుంది? ఊహించడం కష్టమేమీ కాదు. కుమ్రాన్ చుట్టల్లా వయసు తేలిన ప్రతిలో, ఆ కాలపు వాళ్లెవరూ తెలుసుకోలేని ఒక కొలత, ప్రమాణం నిర్వచించి మరీ ఇచ్చి ఉంటే చాలు. కాంతివేగాన్ని భూమి వ్యాసంతో పోల్చి ఒకే అంకెగా చెప్పినా సరిపోయేది, యోజనం ఎంత అనే గొడవ ఉండేది కాదు. అలాంటిది ఇంతవరకు ఏ సంప్రదాయపు గ్రంథంలోనూ దొరకలేదు. దొరికితే మానవాతీతమైన మూలం అని నేనూ ఒప్పుకుంటాను. అది "ఫలానా దేవుడే" అని తేలడానికి అప్పటికి ఇంకో మెట్టు మిగిలే ఉంటుంది.

7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మరో చిక్కు పెట్టాడు. వేదం అపౌరుషేయమే అనుకుందాం, "స్వర్గం కోరేవాడు అగ్నిహోత్రం చేయాలి" అనే వాక్యానికి "కుక్కమాంసం తినాలి" అని అర్థం కాదనడానికి ప్రమాణం ఏమిటి అని అడిగాడు. మీమాంసకులు పెద్దల వాడుకను చూపిస్తారు. ఆ పెద్దలు మనుషులే కదా అన్నది అతని పట్టు. మూలం గురించి వాదించేవాళ్లు ఈ ప్రశ్నను ఎక్కువగా దాటేస్తారు.

ఎవరైనా మీకు కొత్త అద్భుతం పంపితే మూడింటిని కలిపి అడగండి. వచనం సంఖ్య కావాలి, ఆ వచనం ఉన్న అతి పాత రాతప్రతి కాలం కావాలి, సంఘటనకో ఆవిష్కరణకో ముందే ఆ వచనానికి అదే అర్థం చెప్పిన వ్యాఖ్యానం కావాలి. సినాయ్‌టికస్ ప్రతి, యెషయా చుట్ట రెండూ ఫోటోలతో ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఖురాన్ ప్రతులూ పాఠభేదాలూ కార్పస్ కొరానికమ్ అనే సైటులో పక్కపక్కన ఉంటాయి. సంస్కృతానికి భాష్యంతో సహా ముద్రించిన ప్రతి తెరిచి, చెబుతున్న మాట మంత్రంలో ఉందా, భాష్యంలో ఉందా, లేక వాట్సాప్ సందేశంలో మాత్రమే ఉందా అన్నది ముందు చూడండి. సగం వాదనలు అక్కడే అయిపోతాయి.